ఒంటి వాసన పట్టి వచ్చే దోమల నుంచి కాపాడుకోవడం ఎలా

తిరుపతిలో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యాక, ఒకే గదిలో నలుగురు పడుకున్నా దోమలు ఒక్కరినే పీక్కుతినడం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. వారి రక్తం తీపి అని పెద్దలు అంటారు గానీ, ఆడదోమను రప్పించేది మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడు, ఒంటి వేడి, చర్మం మీది రసాయనాలు. చెమటలోని లాక్టిక్ ఆమ్లం, అమ్మోనియా, చర్మపు జిడ్డులోని కార్బాక్సిలిక్ ఆమ్లాలు వీటిలో ముఖ్యమైనవి. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 64 మంది ముంజేతులకు నైలాన్ మేజోళ్లు తొడిగించి, ఆ వాసనపై డెంగీ దోమలను పరీక్షించారు. దోమలు ఎక్కువగా ఎగబడినవారి చర్మంపై కార్బాక్సిలిక్ ఆమ్లాలు అధికంగా ఉన్నాయని, ఆ ఆకర్షణ ఏళ్లు గడిచినా పెద్దగా మారలేదని 2022లో వెల్లడించారు.

కాబట్టి సబ్బుతో ఒంటి తత్వం మారిపోతుందని ఆశించకూడదు. అయినా చెమట ఆరి, దానిపై సూక్ష్మజీవులు పెరిగేకొద్దీ వాసన ఎక్కువవుతుంది కనుక, అలిపిరి మెట్లెక్కి వచ్చినా, పొలం నుంచి వచ్చినా, కాలివేళ్ల సందులు, మడమలు, చీలమండలు సబ్బుతో రుద్ది కడుక్కొని, తడిసిన బట్టలు మార్చుకోవాలి.

అసలు రక్షణ దోమల నివారణ లేపనమే. డీట్ లేదా పికారిడిన్ అనే దోమల నివారణ రసాయనం ఉన్నదాన్ని ఎంచుకోవాలి. నిమ్మగడ్డి జాతి మొక్క నుంచి తీసే సిట్రొనెల్లా నూనె త్వరగా ఆవిరైపోతుంది కనుక ఎక్కువసేపు కాపాడదు. లేపనాన్ని అరచేతిలోకి తీసుకొని, బట్ట కప్పని చర్మమంతటికీ, ముఖ్యంగా చీలమండ ఎముక చుట్టూ, మోకాలి వెనుక, మెడ వెనుక, ఖాళీ లేకుండా పట్టించాలి, ఎందుకంటే రాయని చోటును దోమ వెతికి పట్టుకుంటుంది. బట్టల కింద రాయనక్కరలేదు. సన్‌స్క్రీన్ వాడితే అది ముందు, ఇది తరువాత. చెమటకు కరిగిపోతుంది కనుక సీసాపై రాసిన వ్యవధిని బట్టి మళ్లీ రాయాలి. పిల్లలకు పెద్దలే రాయాలి, వారి చేతులకు, కళ్ల దగ్గర రాయకూడదు. రెండు నెలలలోపు పసిబిడ్డలకు అసలు వాడరాదు, దోమతెరే మేలు.

డెంగీ దోమ పగలే కుడుతుంది, ఉదయం, సాయంత్రం మరీ ఎక్కువ. అందుకే బడికి వెళ్లే పిల్లలకు పొద్దున్నే రాయడం అవసరం, దీన్ని చాలామంది పట్టించుకోవడం లేదు. కూర్చున్నచోట ఫ్యాను గాలి కాళ్లకు తగిలేలా తిప్పితే వాసన చెదిరిపోతుంది, దోమ నిలిచి ఎగరలేదు.

రాత్రి లేపనం కడిగేసి దోమతెరలో పడుకునేటప్పుడు, అంచులు పరుపు కింద దోపి, చేతులు, కాళ్లు తెరకు ఆనకుండా చూసుకోవాలి; ఆనితే బయటి నుంచే కుడుతుంది.