మూగబోయిన పింక్ ఫ్లాయిడ్ కేసెట్ మళ్లీ పాడింది – నా అనుభవం

పదమూడేళ్లప్పుడు పండగ డబ్బులు దాచుకుని ఆబిడ్స్‌లో కొన్న కేసెట్. ఇంగ్లిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ వారి 1973 నాటి ఆల్బమ్ ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’. ఈమధ్య పెడితే పాట దుప్పటి కిందనుంచి వస్తున్నట్టుంది, ఉండుండి ఒక స్పీకర్ మూగబోతోంది. ప్లేయర్‌లో టేపును చదివే హెడ్‌ను స్పిరిట్‌తో తుడిచాను, ప్లేయర్ మార్చాను, టేపు ఆ చివరిదాకా తిప్పి వెనక్కి తెచ్చాను. లాభం లేదు.

వెలుతురులో పెట్టి చూస్తే టేపును హెడ్‌కు అదిమిపట్టే చిన్న మెత్త ఊడిపోయి ఉంది!

నాదానికి అయిదు స్క్రూలు. బల్లమీద పడుకోబెట్టి విప్పి, పైమూత నిదానంగా ఎత్తి, ముందు ఫోటో తీసుకున్నాను. ఇక్కడ తొందరపడితే టేపంతా చిక్కే. పనికిరాని కేసెట్ నుంచి రాగిరంగు రేకుతో సహా మెత్తను పట్టకారుతో తీసి, ఇందులో అదే గాడిలో దించాను. జిగురు జోలికి పోలేదు. టేపు రెండు మూలల రోలర్ల మీదుగా, మెత్తకు ముందువైపుగా వెళ్తోందని చూసుకుని మూతపెట్టాను. స్క్రూలు మరీ బిగించలేదు. పెన్సిల్‌తో తిప్పితే తేలిగ్గా తిరిగింది.

రెండోవైపు మొదట్లోనే ‘మనీ’ పాటలో చిల్లర గలగల, రెండు స్పీకర్లలోనూ. వంటింట్లోంచి మా ఆవిడ, “మళ్లీ మొదలెట్టారా?”

స్క్రూలు లేకుండా అతికించేసిన కేసెట్ల సంగతి నేను చెప్పలేను. టేపు పూతే రాలుతుంటే మాత్రం ఇది పనిచేయదు.