చలికి ముందు పెరటి చేపల గుంట

నాగుల చవితి దాటితే ఒడిశాలో కోరాపుట్, జయపురం వైపు రాత్రులు ఒక్కసారిగా చల్లబడతాయి. రాయగడ, గుణుపురంలో కాస్త నయం. గుంటలో రోహు, బొచ్చె ఉన్నవాళ్లు ఇప్పుడే ఇవి చూసుకోండి.

మేత తగ్గించండి. చలికి చేప సరిగా తినదు. మిగిలిన తవుడు, నూనెగింజల చెక్క అడుగున కుళ్లి ఆక్సిజన్ లాగేస్తాయి, తెల్లారేసరికి చేపలు తేలతాయి. పాత లెక్కన వేసి నేనూ ఒక ఏడాది సగం గుంట పోగొట్టుకున్నాను. చిల్లుల సంచిలో కట్టి వేలాడదీస్తే ఎంత తిన్నాయో తెలుస్తుంది. ఎండెక్కాకే వేయండి.

సున్నం సెంటుకు సుమారు కిలో. ముందురోజే నానబెట్టి, చల్లారాక చల్లండి. ఎర్ర పుండ్ల జబ్బు వచ్చేది ఈ కాలంలోనే.

నీరు అయిదడుగులు ఉండాలి. లోతు నీరు త్వరగా చల్లబడదు.

గుంటలో పచ్చి పేడ వేయడం ఆపేయండి.

కాలవ నీళ్లు పెడితే సన్న వల కట్టండి. లేదంటే కొర్రమీను, పరిగెలతో పాటు పుండ్ల జబ్బూ వస్తుంది.

ఊరికే వల లాగకండి, పొలుసు ఊడితే చలిలో గాయం మానదు. చుట్టాలొచ్చారని లాగేవాళ్లకు చెప్పినా వినరు లెండి.