పచ్చళ్ల యూనిట్‌లో పనులు ఎలా పంచాలి? రుచి మారకూడదు, సీజన్‌లో పని ఆగకూడదు

ఈ సీసా ఆవకాయకీ ఆ సీసా ఆవకాయకీ రుచిలో తేడా రాకూడదు. ఏప్రిల్, మే నెలల్లో ఆర్డర్లు ఒక్కసారిగా మీద పడితే పని ఆగకూడదు. మొదటిదానికి పద్ధతి బిగించాలి, రెండోదానికి పట్టు సడలించాలి. ఒకే యూనిట్‌లో రెండూ కుదురుతాయి, ఏ పనికి ఏదో తేల్చుకోవాలంతే.

1. పనులన్నీ రాయండి. కాయలు కడగడం, తుడవడం, ముక్కలు కొట్టడం, కలపడం, సీసాల్లో నింపడం, లేబుళ్లు, ప్యాకింగ్, కొరియర్, ఫోన్లు. ఎవరికి తోచినట్టు వాళ్లు చేస్తే సరుకు పాడయ్యే పనులకు గుర్తు పెట్టండి.

2. గుర్తు పెట్టిన పనులకు గోడ మీద కార్డు తగిలించండి. "తగినంత ఉప్పు" అని రాసేపనైతే కార్డు ఎందుకు? కిలో ముక్కలకు ఉప్పు, కారం, ఆవపిండి ఎన్ని గ్రాములో రాయాలి. ముక్క తుడిచాక ఎంతసేపు ఆరాలో కూడా రాయాలి, తడి మిగిలితే బూజు ఖాయం. 1911లో అమెరికన్ ఇంజినీర్ ఫ్రెడరిక్ టేలర్ చెప్పిన పద్ధతిలో ఆలోచన పైవాళ్లది, చాకిరీ కిందివాళ్లది. టయోటా కార్ల ఫ్యాక్టరీల్లో అలా కాదు. పని చేసేవాళ్లూ పద్ధతిని దిద్దుతారు, తేడా కనిపిస్తే కార్మికుడే తాడు లాగో బటన్ నొక్కో జట్టు పెద్దను పిలుస్తాడు, అప్పటికీ సర్దుకోకపోతే లైన్ ఆగుతుంది. మీరూ కార్డును కలిపేవాళ్లతోనే రాయించండి. కొత్త మిరపకాయల ఘాటును బట్టి కొలత మారిస్తే కింద తేదీ వేయండి. "అమ్మా, ముక్క ఇంకా తడిగానే ఉంది" అని ఎవరైనా పని ఆపితే కూలీ కోయనని ముందే చెప్పండి. ఆ మాట ఇవ్వకపోతే ఎవరూ నోరు విప్పరు.

3. ఎవరికి ఏ పని వచ్చో పట్టిక వేయండి. ఒక్కరికే వచ్చిన పని దగ్గరే ప్రమాదం. ముక్కలు కొట్టే మనిషి పెళ్లికి ఊరెళ్తే ఆ రోజు యూనిట్ మూతే! ప్రతి పనీ కనీసం ఇద్దరికి రావాలి. నేర్పడం ఖాళీ నెలల్లో పెట్టుకోండి, మేలో కాదు. రెండో పని నేర్చినవాళ్లకు జీతం పెంచండి.

4. ప్యాకింగ్ నుంచి కస్టమర్ ఫోన్ దాకా ఒక చిన్న జట్టుకు అప్పగించండి. ఎవరు ఏది చేయాలో వాళ్లే చూసుకుంటారు. సీసా పగిలిందని ఫోన్ వస్తే మిమ్మల్ని అడక్కుండా ఇంకోటి పంపే అధికారం ఇవ్వండి, ఎంత ఖర్చు దాకానో చెప్పండి. విసుగు పోతుందని లేబుళ్లు అంటించే అమ్మాయిని మూతలు బిగించడానికి మారిస్తే సరిపోదు, నిర్ణయం తన చేతిలో లేకపోతే అది ఇంకో రకం విసుగు.

5. జులైలో ఫిర్యాదులు ముందేసుకుని కూర్చోండి. రుచి మీద ఎక్కువుంటే కార్డు చూడండి. పార్సిల్ ఆలస్యం మీద ఎక్కువుంటే జట్టు మీ అనుమతి కోసం ఎక్కడ ఆగుతోందో చూడండి. రెండూ ఒకేసారి మార్చకండి, ఏది పనిచేసిందో తెలియదు.