గర్భిణులకు షుగర్ పాఠాలు – 4: సరుకులు తెచ్చి ఎన్ని రోజులైంది?

గత పాఠంలో వేలి కొసన రక్తపు చుక్క తీసి, మీటరు చూపిన అంకెను పుస్తకంలో రాయడం నేర్చుకున్నాం. పరగడుపున 95 లోపు, తినడం మొదలుపెట్టిన గంటకు 140 లోపు, రెండు గంటలకైతే 120 లోపు అన్న హద్దులు గుర్తున్నాయి కదా (డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో). మీ డాక్టరు వేరే హద్దులు చెప్పి ఉంటే అవే పాటించండి. ఈసారి ఆ పుస్తకంలో ఇంకొక గడి గీద్దాం. అందులో రాయాల్సింది ఒక్కటే: సరుకులు తెచ్చి ఎన్ని రోజులైంది?

ఉదాహరణకు ఒక గర్భిణి పుస్తకంలో ఒక పేజీ ఊహించుకోండి. రెండో రోజు ఉదయం రొట్టె, రెండు గుడ్లు, ఆకుకూర, గంటకు 128. ఆరో రోజు గుడ్లు లేవు, ఆకుకూర ఎప్పుడో వాడిపోయింది. రొట్టె మీద జామ్ రాసుకుని తిన్నారు, గంటకు 171. అంకె మాత్రమే చూస్తే నోరు కట్టుకోలేకపోయానని ఆమె తనను తానే నిందించుకుంటుంది. కొత్త గడి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది: ఆ రోజు ఇంట్లో ఇంకేమీ లేదు.

గర్భంతో ఉన్నప్పుడు ఈ తేడా మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మాయ (కడుపులో బిడ్డకు ఆహారం అందించే అవయవం) నుంచి వచ్చే హార్మోన్లు, రక్తంలో షుగర్‌ను తగ్గించే ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. నెలలు గడిచేకొద్దీ ఆ అడ్డు పెరుగుతుంది. సాధారణంగా ఉదయం పూట ఇంకా ఎక్కువ. మూడో నెలలో ఇబ్బంది పెట్టని అల్పాహారమే ఏడో నెలలో హద్దు దాటించవచ్చు. తల్లి రక్తంలోని గ్లూకోజు మాయ దాటి బిడ్డకు చేరుతుంది, తల్లి ఇన్సులిన్ మాత్రం చేరదు. తల్లి షుగర్ ఎక్కువగా ఉంటే బిడ్డ తన ఇన్సులిన్ తానే ఎక్కువగా తయారు చేసుకుని లావెక్కవచ్చు. పుట్టగానే తల్లి నుంచి వచ్చే గ్లూకోజు ఆగిపోయి, బిడ్డ షుగర్ పడిపోయే ప్రమాదం ఉంటుంది.

ఇక కాగితం తీసుకోండి. మధ్యలో మీ ఇల్లు, చుట్టూ దుకాణాలు గీయండి. కూరగాయలు, పప్పులు, గుడ్లు, పాలు దొరికే చోట్లకే చుక్క పెట్టండి. బిస్కెట్లు, శీతల పానీయాలు మాత్రమే అమ్మే కొట్టు ఎంత దగ్గరున్నా దానికి చుక్క వద్దు. దూరాన్ని వెళ్లేటప్పుడు కాదు, వచ్చేటప్పుడు కొలవండి. రెండు చేతుల్లో సంచులతో, ఎనిమిదో నెల కడుపుతో నడిచే ఇరవై నిమిషాలు మామూలు ఇరవై నిమిషాలు కావు. బస్సు కోసం నిలబడే సమయాన్నీ కలపండి.

మళ్లీ దుకాణానికి వెళ్లడానికి ఎన్ని రోజులు పడుతుందో ఇప్పుడు తెలుస్తుంది. సరుకుల్ని ఆ లెక్కన విడదీయండి. ఆకుకూరలు మొదటి రెండు మూడు రోజులకు. క్యాబేజీ, క్యారెట్ తర్వాతికి. ఎండు పప్పులు, గడ్డకట్టించిన కూరగాయలు చివరి రోజులకు. గడ్డకట్టించినవి తాజావాటికి తీసిపోవు, నిశ్చింతగా వాడండి. డబ్బాలో వచ్చే చిక్కుడు గింజల్ని నీళ్లతో కడిగితే ఉప్పు తగ్గుతుంది. పాకంలో నిల్వ చేసిన పండ్లు మాత్రం వద్దు.

సరుకులు నిండుకున్నాయని భోజనం మానేయకండి. పస్తుంటే ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే పదార్థాలు) పెరుగుతాయి. ఇన్సులిన్ తీసుకునేవారికైతే షుగర్ పడిపోవచ్చు కూడా. 70 కన్నా తగ్గితే 15 గ్రాముల గ్లూకోజు లేదా పంచదార తీసుకుని, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. అందుకే షుగర్ ఉన్న ఇంట్లోనూ పంచదార ఉండాలి.

ఈ వారం అభ్యాసం: ఏడు రోజులూ కొత్త గడి నింపండి. అంకెలు వరుసగా హద్దు దాటుతుంటే మాత్రం వారం ఆగకుండా డాక్టరుకు చెప్పండి. వెళ్లినప్పుడు ఈ పేజీ చూపించి, “అయిదో రోజు తర్వాత మాకు కూరగాయలు ఉండవు” అని ఉన్నదున్నట్టు చెప్పండి. అది తెలియకపోతే ఆహారపు పట్టిక ఎలా మార్చాలో వారికీ తెలియదు. పరగడుపు అంకె రోజూ ఎక్కువగానే ఉంటే కారణం ఈ గడిలో దొరక్కపోవచ్చు. రాత్రంతా కాలేయం విడుదల చేసే గ్లూకోజు గురించి వచ్చే పాఠంలో చూద్దాం.