సీరియళ్లలో వికలాంగుల పాత్రలను లెక్కగట్టే పద్ధతి

నెల్లూరులోనో ఒంగోలులోనో వికలాంగుల సంఘంవాళ్లు గానీ, డిగ్రీ చదివే పిల్లకాయలు గానీ ఈ పనికి దిగితే ముందు కాలాన్ని మూడు ముక్కలు చేసుకోవాలి. హైదరాబాద్ దూరదర్శన్ మొదలైన 1977 నుంచి 1995 దాకా ఒకటి. జెమిని, ఈటీవీ వచ్చిన 1995 నుంచి 2016 దాకా రెండోది. 2016 వికలాంగుల హక్కుల చట్టం తర్వాతది మూడోది. 1995 చట్టంలో వైకల్యాలు 7 రకాలే, 2016లో అవి 21 అయ్యాయి. తెర మీద ఎన్ని రకాలు కనబడ్డాయో ఈ పట్టీతోనే సరిచూడండి. కనిగిరి వైపు ఫ్లోరోసిస్‌తో (తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు దెబ్బతినే జబ్బు) నడుము వంగిపోయిన మనిషి ఏ కథలోనైనా ఉన్నాడేమో అదీ వెతకండి.

ప్రతి ముక్కకూ రెండు సీరియళ్లు చాలు. డైలీ సీరియల్ అయితే మొదటి వారం, నడిమి వారం, ఆఖరి వారం చూడాలి. ఆఖరి వారం వదిలారా, లెక్క తలకిందులవుతుంది. పడిపోయిన కాళ్లు లేచేదీ, పోయిన చూపు తిరిగొచ్చేదీ ఎక్కువగా అక్కడే. హిందీ నుంచి డబ్ చేసినవాటికి వేరే కాగితం పెట్టండి. విలన్ నటించే పక్షవాతాన్ని అసలు లెక్కలో కలపొద్దు, దానికో గడి వేరే గీయండి.

సీనుకొక వరస రాయండి. పాత్ర ఎన్ని సెకన్లు కనబడింది, ఎన్ని మాటలు మాట్లాడింది, పెళ్లి, డబ్బు, ఉద్యోగం విషయంలో తనే నిర్ణయం తీసుకుందా, వైకల్యం పాపఫలమని ఎవరైనా అన్నారా, తిట్టుగా వాడిన మాట ఏది. అన్నిటికన్నా నిర్ణయం గడే ముఖ్యం. తెర నిండా ఆ పాత్రే ఉండి, నిర్ణయాలన్నీ అత్తో అన్నో చేస్తే ఆ సెకన్లకు విలువ లేదు.

చక్రాల కుర్చీని నిదానంగా చూడండి. వెనక పెద్ద చక్రాలు, చేత్తో తిప్పుకునే రింగు ఉన్నాయా? ఉండీ ఎవరో ఒకరు నెడుతూనే ఉన్నారా? గడప దగ్గర కెమెరా కట్ చేసి కుర్చీని లోపల చూపిస్తే 'కట్' అని రాయండి. ర్యాంపు లేని ఇల్లు అక్కడే బయటపడుతుంది.

ఒకే ఎపిసోడ్‌ను ఇద్దరు విడివిడిగా రాయాలి, వాళ్లలో ఒకరు వికలాంగులైతే మరీ మంచిది. జాలి ఎక్కడ మొదలైందో వాళ్లకు ముందే తెలుస్తుంది. పది వరసల్లో రెండుకు మించి తేడా వస్తే గడుల అర్థాలు మళ్లీ రాసుకుని మొదటి నుంచి చూడండి. పాత దూరదర్శన్ ధారావాహికలు అన్నీ దొరకవు. దొరికేవి జనం మెచ్చినవే కాబట్టి ఆ కాలమంతా అలాగే ఉందని తీర్పు ఇవ్వొద్దు.

ఇప్పుడు ప్రసారమవుతున్న సీరియల్లో అవమానం కనబడితే తేదీ, సమయం, డైలాగు రాసి ఛానల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి. 2021 కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం 24 గంటల్లో అందినట్టు తెలపాలి, 15 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోయినా, జవాబు నచ్చకపోయినా మరో 15 రోజుల్లోపు ఆ ఛానల్ సభ్యత్వమున్న స్వయం నియంత్రణ సంస్థకు అప్పీలు చేయొచ్చు. దృశ్య మాధ్యమాల్లో వికలాంగుల చిత్రణపై 2024 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలను ఫిర్యాదులో తప్పక పేర్కొనండి.