అందరి గ్రూపు – 3వ పాఠం: పోస్టరుకు నోరివ్వడం

కిందటి పాఠంలో టాక్‌బ్యాక్ ఆన్ చేశాం. చూపు లేనివాళ్ల కోసం తెర మీదున్నది పైకి చదివి వినిపించే ఆండ్రాయిడ్ ఫోన్ల సదుపాయం అది. వేలు కుడికి జరిపితే తర్వాతి అంశం వినిపిస్తుందని, రెండుసార్లు తడితే అది తెరుచుకుంటుందని చూశాం. ఇవాళ అదే చెవితో మన ఊరి వాట్సాప్ గ్రూపును విందాం.

శ్రీకాకుళం రిమ్స్ ఆసుపత్రిలో సదరం క్యాంపు, అంటే వికలాంగులకు ధ్రువపత్రం కోసం పరీక్షలు చేసే క్యాంపు, ఉందనుకోండి. ఎవరో పోస్టరు పెడతారు. చూపు లేని సభ్యుడికి వినిపించేది పంపినవాళ్ల పేరు, "ఫొటో", సమయం. అంతే. క్యాంపు ఎవరికోసమో వాళ్లకే కబురు అందదు! టైపు చేసిన అక్షరాన్ని టాక్‌బ్యాక్ చదువుతుంది, బొమ్మలో కలిసిపోయిన అక్షరం దానికి రంగు చుక్కే. కొత్త ఫోన్లలో బొమ్మను వివరించే సదుపాయం ఉన్నా, తేదీలూ చోట్లూ ఉన్న తెలుగు పోస్టరుకు దాన్ని నమ్ముకోవద్దు.

పోస్టరు పంపేముందు కిందనున్న క్యాప్షన్ గడిలో ఇలా రాయండి: "సదరం క్యాంపు. మార్చి 12, ఉదయం 9 గంటలకు. శ్రీకాకుళం రిమ్స్. స్లాటు కాగితం, ఆధార్ తేవాలి." సంగతి ముందు, అలంకారం తర్వాత. 12/3 అని రాస్తే భిన్నంలా చదివే ప్రమాదం ఉంది, నెల పేరే రాయండి. పూలు, దీపాలు, దండాల బొమ్మలు మొదట్లో పెడితే ఒక్కోదాని పేరూ చదివాకే అసలు మాటకొస్తుంది. పెట్టాలనిపిస్తే చివర ఒక్కటి చాలు. తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే ఇంగ్లిషు గొంతు దాన్ని విరిచి చదువుతుంది.

ఇక పీడీఎఫ్. ఎక్కువ తిప్పలు ఇక్కడే. తెరిచి ఒక మాట మీద వేలు నొక్కిపట్టండి. ఏదీ ఎంపిక కాకపోతే అది చాలావరకు స్కాన్ తీసిన ఫొటోనే. గూగుల్ లెన్స్‌తో అక్షరాలు తీసి క్యాప్షన్‌లో అతికించవచ్చు, కానీ వ–ప, మ–య తారుమారవుతాయి, అంకెలూ తప్పుతాయి. మూలంతో సరిచూడకుండా పంపకండి. మాట ఎంపికయిందా? కాపీ చేసి మెసేజ్‌లో అతికించి చూడండి. పిచ్చి గుర్తులొస్తే అది అను వంటి పాత ఫాంటు: తెర మీద తెలుగు, లోపల మరో అక్షరం. డీటీపీ ఆయన్ని "యూనికోడ్‌లో ఇవ్వండి బాబూ" అని ముందే అడగండి. యూనికోడ్ అంటే ఏ ఫోనైనా తెలుగుగానే గుర్తించే అక్షరాలు. ఆయన అలా మార్చాక ఒత్తులు, సున్నాలు ఒకసారి చూసుకోండి.

అభ్యాసం: మీ గ్రూపులో ఆఖరి 10 పోస్టర్లు తీయండి. తెర వైపు చూడకుండా, టాక్‌బ్యాక్‌తో విని, తేదీ, చోటు కాగితం మీద రాయండి. రాయలేకపోయినవాటికి క్యాప్షన్ రాసి మళ్లీ పంపండి. వచ్చే పాఠంలో వాయిస్ మెసేజ్‌లు, వినలేని సభ్యులు.