పార్లమెంటు పనిని చదవడం – 4వ పాఠం: యుద్ధానికి ముందు సభ ఏం చేస్తుంది?

"యుద్ధానికి ముందు పార్లమెంటు ఏం చేస్తుంది?" అన్న పోయిన పాఠంలోని ప్రశ్నకు ఎక్కువమంది రాసిన జవాబు ఒకటే: "352వ అధికరణ కింద పార్లమెంటు యుద్ధం ప్రకటిస్తుంది." బెంగళూరులో ఆదివారాలు మాతో కూర్చుని చదివే మారతహళ్లి పిల్లలూ ఇదే రాశారు. అందుకే సైనిక చట్టాల పాఠం వచ్చేసారికి జరిపాను.

352 అత్యవసర పరిస్థితి గురించి చెబుతుంది. సభ యుద్ధం ప్రకటించాలని రాజ్యాంగంలో ఎక్కడా లేదు. 1965 యుద్ధానికి కొత్తగా అత్యవసర ప్రకటన రాలేదు, 1962 అక్టోబరు 26 నాటిదే ఇంకా అమల్లో ఉంది. కార్గిల్ అప్పుడు అసలు అత్యవసర పరిస్థితే పెట్టలేదు, పైగా లోక్‌సభ రద్దయి ఉంది.

అత్యవసర ప్రకటనను సభ ఆమోదించే ఓట్ల లెక్కలో పొరపాటు ఇంకా పెద్దది. "మూడింట రెండు వంతులు" అని రాసి వదిలేశారు. 1978 నాటి 44వ సవరణ తర్వాత రెండు షరతులూ నెగ్గాలి. ఓటేసినవారిలో మూడింట రెండు వంతులు రావాలి, సభ మొత్తం సభ్యుల్లో సగం దాటాలి. లోక్‌సభలో 543 మందిలో 390 మందే ఓటేశారనుకోండి. 260 వస్తే మొదటి షరతు తీరింది, కానీ 272 లేవు కనుక తీర్మానం వీగిపోతుంది. 450 మంది ఓటేస్తే 272 చాలవు, 300 కావాలి. 420 మందైతే 280. రాజ్యసభలోనూ ఇదే లెక్క. ఈ ఆమోదానికి గడువు నెల, పూర్వం రెండు నెలలుండేది.

ఇంతకీ అసలు సన్నద్ధత పద్దుల్లో, అంటే ఖర్చుకు ప్రభుత్వం సభను అడిగే మొత్తాల్లో, జరుగుతుంది. రక్షణ పద్దుల్లో నేను ముందు మూలధన వ్యయమే, అంటే ఆయుధాలు, విమానాల వంటి కొనుగోళ్ల ఖర్చే, తెరుస్తాను. జీతాలు, పింఛన్లు తర్వాత చూసుకోవచ్చు. 2025-26లో రక్షణకు దాదాపు 6.81 లక్షల కోట్లు కేటాయిస్తే, దళాల మూలధనానికి 1.80 లక్షల కోట్లు. 2021 ఫిబ్రవరిలో మన యలహంకలోనే, ఏరో ఇండియా విమాన ప్రదర్శనలో, 83 తేజస్ యుద్ధ విమానాల కోసం ప్రభుత్వ విమాన సంస్థ హెచ్‌ఏఎల్‌తో సుమారు 48 వేల కోట్ల ఒప్పందం కుదిరింది. ఆ డబ్బు ఒక్క ఏడాదిలో చెల్లించేది కాదు, ఏటా సభ ఓటెయ్యాలి. అయినా చాలా ఏళ్లు రక్షణ పద్దులు చర్చ లేకుండా గిలెటిన్‌లో, అంటే సమయం అయిపోయిందని మిగిలినవన్నీ ఒకేసారి ఓటుకు పెట్టే పద్ధతిలో, వెళ్లిపోతాయి. ఇది నాకు నిజంగా బాధ కలిగించే సంగతి. అప్పుడు లోతుగా చూసేది రక్షణపై పార్లమెంటు వేసే 31 మంది సభ్యుల స్థాయీ సంఘమే.

అభ్యాసం: రక్షణ స్థాయీ సంఘం నివేదికల్లో వరుసగా మూడేళ్లవి తీసుకోండి. మూడు దళాలూ మూలధనం కింద ఎంత అడిగాయో, ఎంత దక్కిందో పట్టిక వెయ్యండి. ఎవరికి ఎక్కువ కోత పడింది, ఏ కొనుగోలు ఆగింది అన్నది పేజీ సంఖ్యతో సహా రాయండి. పేజీ సంఖ్య లేని జవాబులు దిద్దను.